కావలిరేకు

ముళ్ళపాముల కందకం ఈది గట్టెక్కేసరికి యువరాజు మిహిరుడి పంచె మోకాళ్ళదాకా పీలికలైంది. భుజాల మీద చారలు చారలుగా గీరుకుపోయి నెత్తురు చిమ్ముతోంది. అయినా అతనికి ఎక్కువగా మండింది ఆ గాయాలు కావు, పక్కన నిలబడి జుట్టు పిండుకుంటున్న చెంగల్వ అన్న మాట.

"ఇక్కణ్ణుంచి మీరు నాకు అన్నయ్య. నేను మీ చెల్లెల్ని. తోటపని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళం. యువరాజా అని నేను పిలవను, పొరపాటున పిలిచినా మీరు పలకొద్దు."

"అన్నయ్యే ఎందుకవ్వాలి?" అన్నాడు మిహిరుడు.

"మరేమవుతారు?" అని ఆమె అమాయకంగా అడిగింది.

తామ్రగిరి రాజ్యానికి ఏకైక వారసుడైన ఆ వీరుడి దగ్గర దానికి జవాబు ఉంది. కానీ అది తడిబట్టలతో నిలబడి చెప్పే జవాబు కాదు. ముఖం ముడుచుకుని ముందుకు నడిచాడు.

వాళ్ళు ప్రాణాలకు తెగించి అంతదూరం వచ్చింది విహారానికి కాదు. తామ్రగిరి మహారాజు ధవళకీర్తి రెప్ప వాల్చి ఇరవై ఆరు రోజులైంది. నిండు కొలువులో ఒకనాడు ఆయన పట్టపురాణి వంక చూసి, "ఈవిడ పెళ్ళిపీటల మీద ఎలా ఉందో నలభై ఏళ్ళ తరవాత కూడా నా కంటికి అలాగే కనిపిస్తోంది" అన్నాడు. పెద్దాయన ముచ్చటపడి అన్నమాట. విన్నవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ మాట గాలిలో ఎగిరి ఎగిరి మంత్రగత్తె కుంతలిక చెవిన పడింది. లోకంలో ఎవరు ఎవర్ని మెచ్చుకున్నా కుంతలికకు కడుపులో కుంపటి రాజుకుంటుంది. "అంత చక్కగా చూసే కళ్ళు ఇక మూతపడకుండు గాక" అని ఆమె శపించింది. ఆ క్షణం నుంచి మహారాజుకు నిద్ర లేదు. తెరిచిన కళ్ళు తెరిచినట్టే ఎర్రబడి, ఎండి, మనిషి కుర్చీలోనే కొయ్యబారిపోతున్నాడు.

"నిమీలిక తెచ్చి కళ్ళకు అద్దాలి. అమావాస్య దాటితే ప్రభువు దక్కరు" అని రాజవైద్యుడు తేల్చాడు. ఆ మొక్కలో ఏది అద్దాలో ఆయన చెప్పలేదు. పువ్వు గాక ఇంకేముంటుందిలే అని ఎవరూ అడగనూ లేదు. నిమీలిక ఉన్నది లోకం మొత్తానికి ఒక్క కుంతలిక తోటలోనే. అది పూచేది ఏడాదికి ఒక్కనాడు, మిట్టమధ్యాహ్నం, రెప్పపాటు. ఆ నాడు ఇదే. అమావాస్యకు నాలుగు రోజులుంది, తిరుగుదారి మూడు రోజులు.

మిహిరుడు కత్తి తిప్పితే గాలికి గాట్లు పడతాయి. గుర్రమెక్కితే గుర్రమే భయపడుతుంది. కానీ మందార మొగ్గకూ మిరపకాయకూ తేడా అడిగితే ఆలోచించి చెప్పే మనిషి. అందుకే రాజోద్యానం చూసే కేతన్న కూతురు చెంగల్వను వెంట పంపారు. దారి పొడుగునా ఆమె అతనికి పాఠం చెబుతూనే వచ్చింది.

"రాలడమంతా ఒకటే అనుకోకు అన్నయ్యా" అంది ఇప్పుడు కూడా, కొత్త వరస నోటికి అలవాటు చేసుకుంటూ. "పూత రాలితే పైయేటికి చూద్దాంలే అనుకుంటాం. పిందె రాలితే మా నాన్న ఆ పూట అన్నం తినడు. పండుటాకు రాలితే చీపురు తీసుకుంటాడంతే. ఇక వాడిన మొక్కకి నీళ్ళు పోస్తే తేరుకుంటుంది, వసివాడిందాన్ని ఏం చేసినా తేరుకోదు. ఏది రాలినా ముందు తొడిమ చూడాలి. తనంతట తాను విడిస్తే మచ్చ పొడిగా ఉంటుంది. ఎవరైనా తుంపితే తడి, పీచు ఉంటాయి. తోటమాలి పిల్లల్ని ఎవరూ మోసం చెయ్యలేరు."

"సరే సరే" అన్నాడు మిహిరుడు. అతనికి చెవిలో పడింది 'అన్నయ్యా' ఒక్కటే.

రాగితలుపులు దాటగానే ఇద్దరూ నిలబడిపోయారు. ఆ తోట పేరు మధ్యాహ్నవనం. చూపు ఆనినంత మేర పూలే. పొగడల కింద నేల కనిపించదు. సంపెంగల మీద ఎండ పడి మీగడ తరకల్లా మెరుస్తోంది. మంకెనలు, దేవకాంచనాలు, విష్ణుకాంతలు, ఎర్రటి మోదుగలు, పేరు తెలియని ఊదారంగు గుత్తులు, పందిళ్ళ మీంచి జలజలా వేలాడే తీగమల్లెలు. వాసనల మీద వాసనలు పేర్చినట్టుంది గాలి. ఇంత వైభవంలోనూ పిట్ట కూయడం లేదు. ఒక్క తేనెటీగ కూడా లేదు. ఎందుకంటే ఆ తోటలో ఏ పువ్వూ మధ్యాహ్నం దాటి బతకదు. పొద్దున విచ్చిన ప్రతి పువ్వూ మిట్టమధ్యాహ్నం గంట కొట్టగానే తలవంచి రాలిపోవలసిందే. కుంతలిక అందం పాతికేళ్ళకే వసివాడింది. తనకు దక్కని సాయంకాలం ఒక పువ్వుకు దక్కితే ఆమె చూడలేదు.

తోట నడుమ, పైన దూలమూ కొమ్మా లేకుండా రెండు గొలుసులు ఆకాశంలోంచి దిగి ఉన్నాయి. వాటికి ఉయ్యాల. ఉయ్యాల మీద కుంతలిక. ఇరవై బారల నల్లటి జుట్టు నేలమీద చుట్టలు చుట్టుకుని పడుంది. ముక్కు పొడుగు, చూపు అంతకంటే పొడుగు.

తాము అన్నాచెల్లెళ్ళమనీ తోటపనికి వచ్చామనీ చెంగల్వ చెప్పింది. "తోటపనికా?" అంది కుంతలిక. "నా తోటకు రెండే కట్టుబాట్లు. ఇక్కడ ఏ పువ్వునూ మెచ్చుకోకూడదు. మెచ్చుకున్న నాలుక ఊడిపోతుంది. రెండోది, ఏ పువ్వూ కోయకూడదు. చెట్టు మీది పువ్వు నాది, కింద పడ్డది చీపురుది. కోసినవాడు కోసిన చోటే మొలుస్తాడు. ఏ పువ్వు కోస్తే ఆ మొక్కై మొలుస్తాడు. మొలిచిన గడియలోనే ఒక్క పువ్వు పూస్తాడు, మళ్ళీ ఎన్నటికీ పూయడు. అటు చూడండి, ఆ గన్నేరు ఒకప్పుడు సేనాపతి."

గన్నేరు వణికింది, గాలి లేకపోయినా.

కుంతలిక చిటిక వేయగానే ఇత్తడి పళ్ళెం ఒకటి మిహిరుడి ముందు వచ్చి వాలింది. అందులో రాలిన వస్తువులు ఐదున్నాయి. "ఇవేమిటో చెప్పు. తోటమాలివైతే తెలుస్తుంది. కాకపోతే నాకు తెలుస్తుంది."

మిహిరుడు వంగి చూశాడు. "ఇది వాడిన పువ్వు. ఇది విచ్చకముందే రాలిన మొగ్గ. ఇది పిందె. ఇది పండుటాకు." అంతవరకూ బాగానే నడిచింది. ఐదోది ఉల్లిపొరంత పలచగా, దోనెలా వంపు తిరిగి, ఆకుపచ్చగా ఉంది. దాన్ని చూపుడువేలితో పక్కకు తోసి, "ఇది చెత్త" అన్నాడు.

చెంగల్వ కళ్ళు మూసుకుంది. ఉయ్యాల ఆగిపోయింది. నేలమీది జుట్టుచుట్ట ఒకటి పాములా తల ఎత్తింది.

అప్పుడే వెనక పొగడ చెట్ల కిందనుంచి ఎవరో పకపకా నవ్వారు. పొడుగాటి చీపురు భుజాన వేసుకుని, బంతిపువ్వు రంగు తలపాగా చుట్టుకుని, ఒక యువకుడు నడిచి వచ్చాడు. చామనఛాయ, వెడల్పాటి భుజాలు, నవ్వితే బుగ్గన చిన్న గుంట. మిహిరుడికి ఆ గుంట నచ్చలేదు.

"మా బావకి ఎప్పుడూ వేళాకోళమే మహారాణీ" అన్నాడు ఆ యువకుడు. "మా ఊళ్ళో కావలిరేకుని చెత్తనే అంటారు, అలవాటు. మొగ్గ కట్టిన నాటినుంచి ఎండకీ వానకీ తాను అడ్డం నిలబడి పువ్వుని కాస్తుంది. పువ్వు విచ్చే క్షణానికి ముందుగా రాలేది అదే. దానివంక ఎవరు చూస్తారు చెప్పండి, అందరి కళ్ళూ పువ్వు మీదే ఉంటాయి గానీ. ఏం బావా, మేనత్త కొడుకువై ఉండి ఇంత కాలానికా రావడం?"

"దవనం బావా" అంది చెంగల్వ. మెల్లగా అంది. మూడేళ్ళ కిందట కొత్త అంటుమొక్కలు తెస్తానని పోయి, ఈ తోటలో చిక్కుకుని తిరిగి రాని తన మేనమామ కొడుకు దవనుడు ప్రాణాలతో ఎదురుగా నిలబడితే ఆ పిల్ల అంతకంటే ఏం అనగలదు? కళ్ళ నిండా నీళ్ళు, పెదవుల మీద నవ్వు. మూడు రోజుల దారిలో ఆమె తనతో వెయ్యి మాటలు చెప్పింది. అన్నీ కలిపినా ఆ ఒక్క 'బావా'కు సరిరావని మిహిరుడికి అనిపించింది. బావ అంటే వరసైనవాడు. రేపు మెడలో తాళి కట్టమన్నా ఎవరూ కాదనరు. తనేమో అన్నయ్య.

ఇంతలో కుంతలిక అడిగింది. "ఏం తోటమాలీ, ఇతను నీకేమవుతాడు?"

ఒక్క మాట చాలు. 'బావ' అంటే సరిపోతుంది. దవనుడు అంత సుళువుగా అన్నమాట తిరిగి అనాలి, అంతే. మిహిరుడు నోరు తెరిచాడు. గొంతులో చేపముల్లు అడ్డుపడ్డట్టయింది. "చుట్టం" అన్నాడు చివరికి.

కుంతలిక ముక్కు ఎగబీల్చింది. ఉయ్యాల దిగి, మిహిరుడి చుట్టూ ఒకసారి తిరిగి, భుజం దగ్గర వాసన చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"ఎన్నాళ్ళకు" అంది. "ఎన్నాళ్ళకు నా పుట్టింటి వాసన. నీకు ఇతనంటే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుంది కదూ? దాచకు. ఈ కుళ్ళు వాసన నాకు ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. నీలాంటివాడే నాకు కావాలి. ఓర్వలేనివాడికి మించిన కావలివాడు లేడు, వాడి కన్ను మూతపడదు."

కన్ను మూతపడదు అన్నమాట వినగానే మిహిరుడికి తండ్రి ముఖం గుర్తొచ్చింది. ఒక్క క్షణమే. వెంటనే దవనుడి బుగ్గన గుంట కనిపించి తండ్రి ముఖం పక్కకు తప్పుకుంది.

"ఈ వేళ నిమీలిక పూస్తుంది" అంది కుంతలిక. "దవనుడు దుప్పటి పరచి దాని కింద కూర్చుంటాడు. రాలినదాన్ని రాలినట్టు తెచ్చి నా నిప్పులో వేస్తాడు. ఇన్నాళ్ళూ ఇతని మీద కాపలా లేదు. ఇక నువ్వు కాయి. ఇతని చెయ్యి పువ్వు మీదికి పోతే కేక వెయ్యి. ఆ పిల్ల నీళ్ళు మోస్తుంది."

ముగ్గురూ నిమీలిక ఉన్న గుట్టవైపు బయలుదేరారు. దారిలో ఒక ఇరుకైన సందు. అటూ ఇటూ చెట్ల మీంచి నల్లటి తీగలు వేలాడుతున్నాయి. ముందు నడుస్తున్న చెంగల్వ కాలు ఒక వేరుకు తగిలిందో లేదో, తీగ ఒకటి సర్రున దిగి ఆమె మెడకు చుట్టుకుంది. రెండోది నడుముకు. మూడోది ఆమెను కడవతో సహా పైకి లేపేసింది. మిహిరుడు మొలలో దాచిన కత్తి దూసి ఎగిరాడు.

"నరకొద్దు!" అని దవనుడు అతని మణికట్టు పట్టుకున్నాడు. "దాని నిండా మొగ్గలున్నాయి, చూడు. నరికితే కోసినట్టే. నువ్వూ తీగవై ఇక్కడే వేలాడతావు."

"అయితే చచ్చిపోనివ్వమంటావా?"

దవనుడు చుట్టూ చూశాడు. పక్కనే ఎండుటాకులు కాల్చిన గుంట ఇంకా పొగలు కక్కుతోంది. తలపాగా విప్పి అందులోకి రెండు దోసిళ్ళ వేడిబూడిద ఎత్తి, పరుగున తెచ్చి తీగ మొదట్లో పోశాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పోశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగోసారికి తీగ ఆకులు ముడుచుకున్నాయి. చూస్తుండగానే పసుపు రంగుకు తిరిగి, ఒక్కొక్కటే రాలడం మొదలుపెట్టాయి. ఆకుల వెంట మొగ్గలూ రాలాయి, మొగ్గల వెంట పట్టు కూడా సడలింది. చెంగల్వ దవనుడి చేతుల్లోకి జారి పడింది.

"ఇది ఆకురాల్చే జాతి" అన్నాడు దవనుడు ఆమెను దించి, తలపాగా దులిపి మళ్ళీ చుట్టుకుంటూ. "వేరుకి వేడి తగిలితే ఎండాకాలం వచ్చేసిందనుకుంటుంది. రాల్చే కాలంలో ఏ చెట్టూ దేన్నీ పట్టుకోదు."

"ఎంత తెలుసు బావా నీకు" అంది చెంగల్వ. ఆ పిల్ల మెచ్చుకున్నది పువ్వును కాదు కాబట్టి నాలుక ఊడలేదు. ఊడితే బాగుండునని మిహిరుడు అనుకోలేదు గానీ, దాదాపు ఆ దరిదాపులకు వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఆమెను కాపాడింది తను కాదు. కాపాడకుండా తన చెయ్యి పట్టుకున్నవాడే కాపాడాడు. పైగా బొబ్బలెక్కిన అతని అరచేతులకు ఆమె ఇప్పుడు తన కడవలో మిగిలిన నీళ్ళు పోస్తోంది. తన భుజం మీద పొద్దుటినుంచి నెత్తురు కారుతుంటే ఎవరైనా చూశారా?

గుట్ట మీద నిమీలిక ఒంటరిగా ఉంది. మోకాలెత్తు మొక్క, నాలుగు ఆకులు, ఒక్క మొగ్గ. మొగ్గను రెండు పచ్చటి కావలిరేకులు రెండు అరచేతుల్లా మూసి పట్టుకున్నాయి. దవనుడు దుప్పటి పరిచాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. దూరాన ఉయ్యాల గొలుసులు కిర్రుమంటున్నాయి.

మిహిరుడు పది అడుగుల అవతల కాపలా నిలబడ్డాడు. నిజంగానే అంత శ్రద్ధగా కాపలా కాసినవాడు ఆ తోటలో అంతకు ముందు లేడు. దవనుడు చెంగల్వ చెవిలో ఏదో చెప్పడం చూశాడు. ఆమె పక్కున నవ్వడం చూశాడు. తరవాత ఇంకేదో చెబితే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాడు. నవ్వించడమూ ఇతనే, ఏడిపించడమూ ఇతనే.

దవనుడు లేచి అతని దగ్గరికి వచ్చాడు. "బావా, కాస్త విను. పువ్వు జోలికి పోకు. నీకు కావలసింది..."

"నీ పాఠాలు నాకొద్దు. నేనెవరో తెలిస్తే నువ్విలా మాట్లాడవు."

"తెలుసు యువరాజా" అన్నాడు దవనుడు, గొంతు తగ్గించి. "ఆరేళ్ళు మీ తోటలో చేశాను. మీ కిటికీ కింద సన్నజాజి పందిరి నేను వేసిందే. రోజూ పొద్దున మీరు కిటికీ తీసేవారు, నేను కింద నీళ్ళు పోస్తుండేవాణ్ణి."

మిహిరుడికి పందిరి గుర్తుంది. దాని వాసన గుర్తుంది. కింద నిలబడ్డ మనిషి ముఖం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అతనికి సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు కూడా దవనుడి వల్లనే కలిగింది కదా అనిపించి ఇంకా కోపమొచ్చింది. "నీ చోటికి పో. నిన్ను కాయమన్నారు నన్ను" అన్నాడు.

దవనుడు ఇంకా ఏదో చెప్పబోయాడు. ఉయ్యాల దగ్గర గంట మొదటి దెబ్బ మోగింది. అతను గబగబా వెనక్కి పోయి దుప్పటి అంచు పట్టుకున్నాడు.

మొగ్గ కదిలింది. పచ్చటి రేకుల సందులోంచి తెల్లటి వెలుగు సూదిమొనంత కనిపించింది.

మిహిరుడి మనసులో ఆ క్షణాన తండ్రి లేడు, రాజ్యం లేదు. ఆ తెల్లటి పువ్వు దవనుడి దుప్పట్లో పడుతుంది. దవనుడు దాన్ని చెంగల్వకు అందిస్తాడు. ఆమె మళ్ళీ 'ఎంత తెలుసు బావా నీకు' అంటుంది. తామ్రగిరికి పోయి ఊరూవాడా ఆ మాటే చెబుతుంది. మహారాజు ప్రాణం నిలబెట్టింది ఎవరంటే తోట ఊడ్చే దవనుడు. ఇక తను దేనికి? ఇదే ఆలోచన అతన్ని పది అడుగులూ ఒక్క దూకులో దాటించింది.

కావలిరేకులు రెండూ విడిపడి రాలాయి. పువ్వు విచ్చింది. మిహిరుడి కాలు దుప్పటి మీద పడింది, చెయ్యి పువ్వు మీదికి పోయింది. వేళ్ళు తొడిమను తాకేలోపు దవనుడు అతన్ని ఛాతీతో గుద్దాడు. మిహిరుడు వెల్లకిలా పడ్డాడు. ఆ ఊపుకు దవనుడు ముందుకు తూలి, పడిపోకుండా ఆపుకోబోయిన అతని చెయ్యి మొక్కకు తగిలింది. సన్నటి కాడ చిటుక్కున విరిగింది.

పువ్వు ఒక్క రెప్పపాటు గాలిలో వెలిగి, నేల తాకకముందే ఆవిరై ఎగిరిపోయింది. ఇందుకోసమా ఇదంతా, అన్నట్టు.

దవనుడు తన చేతివంక చూసుకున్నాడు. పాదాలు అప్పటికే మట్టిలో దిగిపోయాయి. "రేకు... తొక్కకు బావా" అన్నాడు. అదే చివరి మాట. బంతిపువ్వు రంగు తలపాగా ఖాళీగా నేలమీద పడింది. దాని పక్కన మోకాలెత్తు మొక్క, నాలుగు ఆకులు.

మిహిరుడు మెల్లగా కాలు ఎత్తాడు. పాదం కింద కావలిరేకు ఒకటి నలిగి పచ్చటి మరకై ఉంది.

చెంగల్వ మోకాళ్ళ మీద పడి దుప్పటి అంతా తడిమింది. రెండో రేకు చిక్కింది. తొడిమ దగ్గర మచ్చ పొడిగా, శుభ్రంగా ఉంది. "మందు ఇదే" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధించింది. "పువ్వు కాదు. ఇన్నాళ్ళూ మొగ్గని మూసి ఉంచింది ఇదే కదా, కంటిని మూయించేదీ ఇదే. మహారాజుకి రెండు కళ్ళు, మొగ్గకి రెండు రేకులు. అదే నీకు చెప్పబోయాడు. ఒకటి పోయింది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరుచుకుని నిద్రపోతారా మీ నాన్నగారు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మిహిరుడు నలిగిన రేకును గోటితో దుప్పటి మీంచి లేపబోయాడు. అది పసరై వేలికి అంటుకుంది. చెంగల్వను ఒక ప్రశ్న అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇందాక ఏం చెబితే అంతలా నవ్వావు, ఏం చెబితే ఏడ్చావు అని. ఖాళీ తలపాగా చూసి ఆ ప్రశ్న మింగేశాడు. పొద్దుటినుంచి అతను చేసిన మంచిపని అదొక్కటే.

గంట ఆగకుండా మోగుతోంది. ఆకాశం తెగినట్టు మధ్యాహ్నవనమంతా ఒక్కసారిగా రాలడం మొదలుపెట్టింది. మంకెనలు, సంపెంగలు, మోదుగలు, తీగమల్లెలు, రేకులకు రేకులుగా, గుత్తులకు గుత్తులుగా. చెయ్యి చాస్తే చెయ్యి కనిపించనంత పూలవాన. ఆ వానలో ఎక్కడో ఉయ్యాల గొలుసులు తెగిన చప్పుడు. "నిమీలికను ఎవరు కోశారు?" అన్న కేక.

"తలుపులు రాలుడు ఆగేదాకే తెరిచి ఉంటాయని బావ చెప్పాడు" అంది చెంగల్వ. "పరిగెత్తాలి."

మిహిరుడు కదలలేదు. దవనుడి మొక్క చివర ఏదో ఉబ్బుతోంది. మొలిచిన గడియలోనే ఒక్క పువ్వు. పచ్చటి మొగ్గ బఠాణీ గింజంతై, ఉసిరికాయంతై నిలబడింది. రెండు కావలిరేకులు దాన్ని మూసి పట్టుకున్నాయి.

చెయ్యి చాస్తే అందుతుంది. చాచకూడదు. మిహిరుడు మొక్క ముందు మోకరిల్లి, దోసిలి పట్టి, దాని కింద ఉంచాడు. పుట్టి ఇంతవరకు అతను ఎవరి ముందూ దోసిలి పట్టలేదు. పట్టింది ఇతని ముందు. మొగ్గ తొందరపడలేదు. పూలవాన పలచబడుతోంది. కుంతలిక ముక్కు ఎగబీలుస్తూ అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు దగ్గరవుతోంది.

"ఎక్కడున్నావురా కావలివాడా? నీ వాసన రావడం లేదే. ఇందాక ఆమడ దూరానికి కొట్టిందే."

రేకు ఒకటి రాలింది. దాని వెంట రెండోది. రెండూ అతని దోసిట్లో ఈకల్లా వాలాయి. పైన పువ్వు విచ్చి ఆరిపోయింది. అతను అటు చూడను కూడా లేదు. రేకులు చెంగల్వ కొంగులో పెట్టి ముడి వేశాడు.

"పదండి యువరాజా" అంది ఆమె, వరస మరిచిపోయి. "మహారాజుకి చాలు. ఒకటి మిగులుతుంది కూడా."

"మొలిచినవాళ్ళు మళ్ళీ మనుషులు కారా?"

చెంగల్వ తటపటాయించింది. "ఒక్క వేరూ తెగకుండా తోట దాటిస్తే అవుతారని బావ అన్నాడు. ఇంతవరకు ఎవరూ దాటించలేదట. అందరూ తమకి కావలసింది తీసుకుని పారిపోయినవాళ్ళే."

మిహిరుడు కత్తి దూశాడు. ఏడు రాజ్యాల్లో పేరున్న ఆ కత్తితో మొక్క చుట్టూ మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. వేరు కనిపించిన చోట కత్తి పక్కన పెట్టి వేళ్ళతో తవ్వాడు. గోళ్ళు విరిగాయి. అక్కడక్కడా మెత్తటి మట్టి, అక్కడక్కడా రాయి. చెంగల్వ దుప్పటి చింపి తడిపి మొక్క వేర్లకు చుట్టింది. చివరి పువ్వులు రెండు మూడు గిరికీలు కొడుతూ దిగాయి. గాలి తేటపడింది.

పది బారల దూరంలో కుంతలిక నిలబడి ఉంది.

కత్తి గుంటలో ఉంది. మిహిరుడు మొక్కను మట్టిగడ్డతో సహా రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుని లేచాడు.

"రేకులు చిక్కాక కూడా పారిపోలేదంటే నీకు పిచ్చా?" అంది కుంతలిక. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. "ఎవరు వాడు నీకు?"

"మా బావ" అన్నాడు మిహిరుడు.

గొంతులో ఏమీ అడ్డుపడలేదు. చేతుల్లోని మొక్క ఆకులు నాలుగూ, గాలి లేకపోయినా, అతని మెడ వైపు వాలాయి. కుంతలిక తల విదిల్చింది. ఇరవై బారల జుట్టు నేలమీద నుంచి లేచి నిలబడింది. అవతల రాగితలుపులు రెండూ ఒకదానివైపు ఒకటి కదలడం మొదలుపెట్టాయి. మిహిరుడు కత్తికోసం వంగలేదు. వంగితే వేరు తెగుతుంది. మొక్కను నిటారుగా పట్టుకుని చెంగల్వ వెనక తలుపులవైపు పరుగు తీశాడు.